మా బావ ఆదివారాలు

మా బావ పోయి నెల దాటింది. ఆ రోజు మధ్యాహ్నం బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. హెడ్మాస్టరు గది దాకా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. కుప్పం నుంచి పోస్టాఫీసుకు ఫోను వచ్చిందని చెప్పారు. నేను వెంటనే, "మా అక్కాండీ?" అని అడిగాను. మా ఇంట్లో అందరికీ ఏళ్ల తరబడి అలవాటైపోయిన భయం అది. ఆ ఇంట్లో ఏదైనా జరిగితే ముందు అక్కకే జరుగుతుందనుకునేవాళ్లం. ఆయన తల అడ్డంగా ఊపి, "మీ బావగారమ్మా" అన్నారు. భోంచేసి, చెయ్యి కడుక్కుని, గుండెలో పట్టేసినట్టుంది అని మంచం మీద వాలాడట. మళ్లీ లేవలేదు.

మా బావ గురించి పేపర్లో వేయడానికేమీ లేదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పుంగనూరులో చాలా ఏళ్లు, ఆ తర్వాత కుప్పంలో పనిచేశాడు. మన పొట్టి పుంగనూరు ఆవుకు సూది వేస్తూ, దాన్ని తోలుకొచ్చిన రైతును వాళ్లమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగే మనిషి. పల్లెల వాళ్లు డాక్టరప్పా అని పిలిస్తే, "డాక్టరు లోపల ఉండాడప్పా, నేను కాంపౌండర్ని" అని ఓపిగ్గా సరిదిద్దేవాడు. వాళ్లు సరేనని, మళ్లీ డాక్టరప్పా అనే పిలిచేవాళ్లు.

చుట్టాల్లో మాత్రం బావకు వేరే పేరుంది. "ఆయనకు అన్నీ కావాల" అని నవ్వేవాళ్లు. నిజంగా అన్నీ కావాలి. హార్మోనియం కావాలి, చుక్కల పేర్లు కావాలి, అంట్లు కట్టడం కావాలి, ఉర్దూ అక్షరాలు కావాలి, కుట్టుమిషను కావాలి, తేనెటీగలు కావాలి. ఏ ఒక్కటీ పూర్తిగా వచ్చిందని నేను చెప్పను. హార్మోనియం మీద రెండు భజనలు వాయించేవాడు. మూడోది మొదలుపెడితే అది నాలుగడుగులు వేసి మొదటి భజనలోకి వెళ్లి కూర్చునేది. అంటు కట్టిన జామచెట్టు బాగానే కాసింది గానీ, ఆ కాయలు చిలకలు కూడా ముట్టలేదు. ఇన్ని పిచ్చులున్న మనిషికి సంసారం మీద ధ్యాస ఎక్కడుంటుందని తెలియనివాళ్లు అనుకునేవాళ్లు. ఆ పిచ్చులు ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలుసు. అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

డెబ్బైల మొదట్లో అక్కకు క్షయ పట్టింది. అప్పటికి ఇద్దరు పిల్లలు. పాప బడిలో చేరింది. బాబుకు ఇంకా మాటలు సరిగా రాలేదు. దగ్గుతూ దగ్గుతూ ఒకరోజు గుడ్డలో రక్తం కనిపించాక, అక్కను మదనపల్లె అవతల ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చారు. నెలలు పడుతుందన్నారు. ఏడాది దాటినా దాటొచ్చన్నారు. నేను పదో తరగతి పాసై, తంబళ్లపల్లె దగ్గర మా ఊళ్లో చెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నాను. నాన్న నన్ను బస్సెక్కించుకుని పుంగనూరు తీసుకొచ్చి, అక్క వచ్చేదాకా పిల్లల్ని చూసుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. పక్కింటివాళ్లు మజ్జిగ అడగడానికి రావడం మానేశారు. మా పాపతో ఆడుకునే పిల్లల్ని వాళ్ల అమ్మలు ఏదో ఒక పని చెప్పి లోపలికి పిలిచేవాళ్లు. బావ ఇవన్నీ చూసేవాడు గానీ ఎవర్నీ ఏమీ అనలేదు. పొద్దున పాలు కాచి, పిల్లలకు పోసి, పశువుల ఆసుపత్రికి పనికి వెళ్లేవాడు. ఆదివారం మాత్రం తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వెళ్లేవాడిలా మదనపల్లె బస్సెక్కేవాడు.

ఒక ఆదివారం నన్నూ తీసుకెళ్లాడు. చెట్ల మధ్య వార్డులు, వార్డుల ముందు పొడుగాటి వరండాలు, వరండాల్లో మంచాలు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అక్క ఎముకల గూడులా ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. బావ మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని, పట్టుపురుగుల సంగతి మొదలుపెట్టాడు. పలమనేరు దారిలో ఒక రైతు ఇంట్లో పురుగుల్ని పెంచుతున్నారని, తాను పోయి చూసొచ్చానని చెప్పాడు. ఇల్లంతా తట్టలు, తట్టల నిండా మల్బరీ ఆకు, పురుగులు మేస్తుంటే వాన పడుతున్నట్టు చప్పుడు. చర్మం విడిచే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుందట. దాన్ని అక్కడివాళ్లు జ్వరం అంటారట. జ్వరం తీరి లేచాక దానికి ఎక్కడలేని ఆకలట.

అక్క కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. కాసేపటికి మెల్లగా, "లేవని పురుగులు కూడా ఉంటాయా?" అని అడిగింది.

"ఉంటాయి," అన్నాడు బావ. "శానా మటుకు లేస్తాయి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. బాబుకు రెండు రోజులుగా విరేచనాలు, పాప ప్రతి సాయంత్రం అమ్మ ఎప్పుడొస్తుందని గుమ్మంలో కూర్చుంటోంది, ఈయనేమో పురుగుల కథ చెప్పి వచ్చాడు. ఉండబట్టలేక అడిగేశాను. పిల్లల సంగతి ఒక్కటైనా చెప్పలేదేం బావా అన్నాను.

బావ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "పిల్లోళ్ల సంగతి సెప్తే ఏడుస్తాదిమే. ఏడిస్తే దగ్గొస్తాది. ఏమీ సెప్పకుండా కూర్చుంటే బయపడతాది. ఈ పురుగుల సంగతైతే మళ్లా ఆదివారం దాకా తలుసుకుంటా పండుకోని ఉంటాది."

మళ్లీ ఆదివారానికి ఇంకో సంగతి కావాలి కదా. ఆ సంగతుల కోసమే బావ ఊరంతా తిరిగాడు. బజారులో కుట్టుమిషను సాయిబు దగ్గర కూర్చుని ఉర్దూ అక్షరాలు దిద్దాడు. అక్కడే కాజాలు కుట్టడం కూడా నేర్చుకున్నాడు. రిటైరైన ఒక అయ్యవారి వెంటబడి చుక్కల పేర్లు చెప్పించుకున్నాడు. భజన వాళ్ల హార్మోనియం అడిగి తెచ్చుకుని మా చెవులు తూట్లు పొడిచాడు. తాను చేసిన తప్పులే ఎక్కువగా చెప్పేవాడట. సాయిబు తిట్టిన తిట్లతో సహా చెబితే అక్క నవ్వేదట, పక్క మంచం ఆవిడ కూడా చెవి ఇటు పెట్టేదట. పెళ్లాం ఆసుపత్రిలో ఉంటే ఈయన పాటలు నేర్చుకుంటున్నాడని వీధిలో చెవులు కొరుక్కున్నారు. బావ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

ఏడాది కావచ్చింది. అక్క కాస్త తేరుకుంది గానీ ఇంటికి పంపలేదు. అప్పుడొకరోజు బైరెడ్డిపల్లె దగ్గరి పల్లె నుంచి బావ వాళ్లమ్మ వచ్చింది. మా అక్కకు అత్త కాబట్టి నాకూ అత్తే. ఆమె వెనకాలే మా నాన్న వచ్చాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాన్న ముఖం చూడగానే తెలిసిపోయింది. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. బావ వసారాలో అద్దె మిషను మీద పాపకు గౌను కుడుతున్నాడు.

అత్త చుట్టూ తిప్పకుండా చెప్పింది. ఆసుపత్రికి పోయిన మనిషి వస్తుందో రాదో తెలియదు, వచ్చినా పొయ్యి ముట్టే మనిషి కాదు, పిల్లలకు తల్లి కావాలి, చిన్నది ఎటూ ఇంట్లోనే ఉంది, పిల్లలు దానికి మరిగారు, దాన్నే ఇచ్చి చేసేస్తే బయటి మనిషి వచ్చే పని ఉండదు అంది. మా వైపు అది వింత మాటేం కాదు. అక్క పోతే చెల్లెల్ని ఇస్తారు, అక్క మంచాన పడినా ఇస్తారు. నాన్న తల ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు. మా బావ మంచివాడు. అందుకే నాకు ఇంకా భయమేసింది. చెడ్డవాడైతే ఏడ్చి పారిపోదును.

మిషను ఆగలేదు. బావ ఆ కుట్టు చివరిదాకా కుట్టి, దారం పంటితో తెంపి, గౌను మడిచి పక్కన పెట్టాడు.

"ఈ పిల్లను సాయానికి పంపించినారు మామా," అన్నాడు నాన్నతో. "బదులుకు కాదు. నా పెండ్లాము ఇంటికి వస్తాది. వచ్చినప్పుడు తన సోటులో ఇంకొకరు ఉంటే, ఆయమ్మ యాడికి పోవాల?"

అప్పుడు బావ నన్ను బయటికి పిలిచాడు. "ఏమ్మే, నిన్నెవురన్నా అడిగినారా ఈ మాట?" అన్నాడు. లేదన్నాను. "నేనడుగుతాండా. నీకేం కావాల?"

అప్పటిదాకా నా బతుకులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చేతులకు చింతపండు, కళ్లలో నీళ్లు. "సదువుకుంటా బావా" అన్నాను. ఆ మాట నా లోపల అంత సిద్ధంగా ఉందని నాకే తెలియదు.

ఆ వారమే నన్ను మదనపల్లెలో ఇంటర్లో చేర్చి, హాస్టల్లో పెట్టాడు. అత్త కోపంతో వెళ్లిపోయింది. నేను అక్కడుంటే ఇల్లు సాఫీగా జరిగేది. బావకు ఆ సుఖం అక్కర్లేదు. నేను ఆ ఇంట్లో ఉన్నంత కాలం ఆ మాట మళ్లీ మళ్లీ లేస్తుందని ఆయనకు తెలుసు. పిల్లలకు సంగటి తనే కెలికాడు. పాప జడలు తనే వేశాడు. ఒక జడ చెవి పైన, ఒక జడ చెవి కింద. ఆదివారం నాడు ముందు హాస్టల్ గేటు దగ్గరికొచ్చి నాకు ఏం కావాలో కనుక్కుని, ఆ తర్వాత ఆసుపత్రికి పోయేవాడు. నేను ఇవాళ ఒక బడిలో నిలబడి పాఠం చెబుతున్నానంటే, మా అక్కాచెల్లెళ్లం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు నదురూ బెదురూ లేకుండా చూసుకోగలుగుతున్నామంటే, ఆ రోజు బావ అన్న మాట వల్లే. ఈ సంగతి ఆయన బతికుండగా ఆయనతో చెప్పాను. విని, "పిల్లోళ్లకు ఇంగ్లీషు బాగా సెప్పు" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు అక్క ఇంటికొచ్చింది. జబ్బు తగ్గిపోయిందని, అందరితో కలిసి తినొచ్చని, మందులు మాత్రం మానకూడదని డాక్టరు చెప్పి పంపారు. కోపం మరిచి అత్త కూడా వచ్చింది. వచ్చి, వెనక పంచలో అక్క కోసం ఒక తట్ట, ఒక లోటా, ఒక చాప వేరుగా పెట్టి, ఆ తట్టలో అన్నం వడ్డించింది. నేను సెలవుల్లో అక్కడే ఉన్నాను. అక్క ఆ చాప వైపు చూసి, ఏమీ అనకుండా పోయి దాని మీద కూర్చుంది. ఆసుపత్రిలో అంత కాలం ఉండి రాని అలసట ఆ ఒక్క నిమిషంలో ఆమె ముఖంలోకి వచ్చింది. బావ కాళ్లు కడుక్కుని వచ్చాడు. చూశాడు. పోయి ఆ చాప మీదే అక్క పక్కన కూర్చుని, ఆ తట్టలోంచే ముద్ద తీసుకుని తిన్నాడు. పిల్లలు కూడా పరుగెత్తుకుంటూ వెళ్లి వాళ్ల ఒళ్లో పడ్డారు. పెద్ద తగాదా అవుతుందని నేను బిక్కచచ్చిపోయాను. ఏ తగాదా కాలేదు. మర్నాడు పొద్దున్నే అత్త మూట కట్టుకుని ఊరికి వెళ్లిపోయింది.

అత్త చెడ్డ మనిషి కాదు. ఆమె తమ్ముడు మంచి వయసులో అదే జబ్బుతో, ఆమె కళ్ల ముందే పోయాడు. అప్పటి నుంచి ఆ భయం ఆమెలో కూర్చుంది. తర్వాత కూడా కొడుకు ఇంటికి వచ్చేది. మనవళ్లకు చెనక్కాయలు, బెల్లం తెచ్చేది. అక్కను తిట్టింది లేదు. కానీ తన రొట్టె తను మూట కట్టుకుని, తన నీళ్లు తను చెంబులో తెచ్చుకునేది. అక్క చేతి నీళ్లు కూడా తాగేది కాదు. వచ్చినప్పుడల్లా బావ ఒకే మాట అడిగేవాడు. "ఒక ముద్ద తింటావామ్మా?" ఆమె ఒకే మాట చెప్పేది. "ఇప్పుడే తినొచ్చినాను నాయనా." బావ సరే అనేవాడు. మళ్లీ వచ్చినప్పుడు, అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు అడిగేవాడు.

ఒకసారి నేను కోపం పట్టలేక, ఎన్నాళ్లడుగుతావు బావా, గట్టిగా నాలుగు మాటలు అనరాదా అన్నాను. "బయపడేవాళ్లను గదమాయిస్తే ఇంకా బయపడతారుమే" అన్నాడు. ఆ తర్వాత, మా అమ్మ ఈ ఇంట్లో ఒక్క పూట తింటే చాలు, ఇంక నాకేమీ వద్దు అన్నాడు. అన్నీ కావాలని పేరు పడ్డ మనిషి నిజంగా కోరుకున్నది అదొక్కటే.

ఎనభైల్లో కుప్పానికి బదిలీ అయింది. అక్కడ ఇంటివాళ్లు తమిళం మాట్లాడేవాళ్లు, ఎదురింట్లో కన్నడం. బావకు పండగే. టీ కొట్టులో తమిళ పేపరు కూడబలుక్కుని చదివి, సగం అర్థం చేసుకుని, మిగతా సగం సొంతంగా కల్పించి అక్కకు చెప్పేవాడు. ఎవరి దగ్గరో తేనెటీగల పెట్టె తెచ్చి, ముఖమంతా వాచి వారం రోజులు కన్ను తెరవలేదు. సాయంత్రాలు ఇద్దరూ స్టేషనుకు నడిచి వెళ్లి, బెంగళూరు రైలు వచ్చి పోయేదాకా సిమెంటు బెంచీ మీద కూర్చుని వచ్చేవాళ్లు. అక్క ఒళ్లు చేసింది. ఇల్లంతా తనే చక్కబెట్టుకునేది. నేను వెళ్లినప్పుడు ఆదివారం భోజనాలయ్యాక గమనించేదాన్ని. బావ తమలపాకు మడుస్తూ గొంతు సవరించుకునేవాడు. అక్క నా వైపు చూసి, "ఇదో, మొదలైంది. ఈ వారం ఏం పురుగో అడుగు" అనేది. అలా ఎగతాళి చేస్తూనే చాప దగ్గరికి లాక్కునేది.

ఫోను వచ్చిన రోజు మేం కుప్పం చేరేసరికి బావను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. అక్క ఏడవలేదు. రాయిలా కూర్చుంది. దహనం రోజూ, మర్నాడూ పక్కిళ్ల నుంచే అన్నం వచ్చింది. అత్తను పల్లె నుంచి జీపులో తీసుకొచ్చారు. బాగా ముసలిదైపోయింది, చూపు ఆనదు. కొడుకు పోయిన ఇంట్లో గోడకు చేరగిలబడి, ఎవరేం పెట్టినా చేత్తో నెట్టేసింది. ఈసారి ఆమె మూటా తెచ్చుకోలేదు, చెంబూ తెచ్చుకోలేదు.

మూడో రోజు కార్యం అయ్యాక ఎదురింటావిడ కాఫీ తెచ్చి ఆమె చేతికి అందించబోయింది. అత్త తాకలేదు.

"నా కొడుకు ఇంట్లో ఏమీ లేదా?" అంది.

అక్కను లోపలి గదిలో మూలకు కూర్చోబెట్టి ఉన్నారు, లేవకూడదని చెప్పి. ఆ మాట విని అక్క లేచింది. ఎవరో వద్దన్నారు. వినిపించుకోకుండా వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించి, రాగి అంబలి కాచింది. చల్లార్చి, లోటాలో పోసి తెచ్చి, అత్త ముందు కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. అన్నేళ్ల అలవాటు అది.

అత్త తడుముకుని లోటా అందుకుంది. రెండు చేతులతో ఎత్తి ఒక గుక్క తాగింది. మేమంతా చూస్తున్నాం.

"ఉప్పు సాల్లేదు కదమ్మా," అంది అత్త.

అక్క లోపలికి పరుగెత్తింది. నేను వెనకే వెళ్లాను. ఉప్పుజాడీ గుండెకు ఆనించుకుని, బావ పోయాక మొదటిసారి, అక్క ఏడుస్తోంది. కోడలి వంటకు వంక పెట్టే అత్త కోసం ఆ ఇల్లు ఎన్నేళ్లు ఎదురుచూసిందో నాకు తెలుసు. అడిగి అడిగి అలసిపోని మనిషి ఒక్క మూడు రోజులు ఆగి ఉంటే చూసి ఉండేవాడు. నేను కూడా ఏడ్చాను.

బయటి నుంచి అత్త మళ్లీ పిలిచింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, జాడీ మూతలో ఇంత కల్లుప్పు పోసుకుని వెళ్లి, ఆమె ముందు వంగి నేల మీద పెట్టబోయింది. మన ఇళ్లలో ఉప్పు చేతికి చేయి అందించరు, తగాదాలొస్తాయంటారు.

అత్త అరచెయ్యి చాపింది.

"కింద యాల పెడ్తావు," అంది. "సేతికే ఇయ్యి."

ముడతలు పడిన ఆ అరచేతిలో అక్క వేళ్లు ఒక్కొక్క ఉప్పురాయే పెడుతున్నాయి. ఇంక చాలని అత్త అనడం లేదు.